ఏకరూప దుస్తులు – ఏకరూపం కాని జ్ఞాపకాలు

1

హాస్టలు చదువుల జ్ఞాపకాలు ఇటీవలి కాలంలో మన పత్రికల్లోకీ, స్వీయచరిత్రల్లోకీ, కథల్లోకీ విరివిగా వస్తున్నాయి. ఏ ఆవాస పాఠశాల స్వర్ణోత్సవం జరుపుకొన్నా ఒక ప్రత్యేక సంచిక వెలువడుతుంది. అందులో పూర్వ విద్యార్థులు తాము నేర్చుకొన్న పాఠాల కంటే తొడుక్కొన్న యూనిఫాం గురించీ, తెల్లవారుజామున మోగిన గంట గురించీ, వార్డెను గురించీ ఎక్కువగా రాస్తారు. ఈ రాతలను సాహిత్యంగా పరిగణించి పరిశీలించిన విమర్శకులు తక్కువ. "చిన్ననాటి ముచ్చట్లు" అని ఒక మాట అనేసి పక్కన పెట్టడమే మన అలవాటు.

పట్టించుకొన్న కొద్దిమంది కూడా రెండు పక్షాలుగా చీలిపోతారు. ఒక పక్షానికి యూనిఫాం సమానత్వానికి చిహ్నం. ధనిక, పేద తేడా లేకుండా అందరికీ ఒకే చొక్కా ఇచ్చిందన్నది వారి వాదం. రెండవ పక్షానికి యూనిఫాం అణచివేతకు చిహ్నం. పిల్లవాడి వ్యక్తిత్వాన్ని తుడిచిపెట్టి వాడిని ఒక అంకెగా మార్చిందన్నది వీరి వాదం. రెండు పక్షాలూ తమకు అనుకూలమైన జ్ఞాపకాలను ఏరుకొంటాయి, అవతలివారి సాక్ష్యాన్ని అబద్ధమంటాయి.

నాకు ఈ రెండు పద్ధతులూ సరైనవిగా కనిపించవు. ఒకే మనిషి, ఒకే బడిని గురించి, ఒకే దుస్తులను గురించి, జీవితంలో రెండు సందర్భాల్లో రెండు విధాల సాక్ష్యం చెప్పిన ఉదాహరణలు ప్రపంచ సాహిత్యంలో ఉన్నాయి. వాటిలో ఏది నిజం అని అడిగితే జవాబు దొరకదు. అప్పటికీ ఇప్పటికీ మధ్య ఆ మనిషి నిలబడిన చోటు ఎలా మారింది, ఎవరికోసం చెబుతున్నాడు అని అడిగితే మాత్రం జ్ఞాపకం తన లోపలి నిర్మాణాన్ని బయటపెడుతుంది. ఈ విషయాన్ని ముగ్గురు రచయితల ఆధారంగా వివరించి, ఆ వివరణ మన హాస్టళ్ల గురించి రాసేవారికి ఎంతవరకు పనికివస్తుందో చూడడం ఈ వ్యాసం ఉద్దేశం. ఆ ముగ్గురిలో ఒకరు ఆంగ్లేయుడు, ఇద్దరు అమెరికా ఆదివాసులు. తెలుగు ఉదాహరణలతో మొదలుపెట్టకపోవడానికి కారణం ఒకటే. మన బడిని గురించి మాట్లాడేటప్పుడు మనకు వెంటనే అభిమానమో ఆగ్రహమో అడ్డు వస్తుంది. పరాయి బడి దగ్గర చదివే పద్ధతి నేర్చుకొంటే మన బడి దగ్గర దాన్ని వాడుకోవచ్చు.

2

మొదటి ఉదాహరణ ఆంగ్ల వ్యాసరచయిత చార్లెస్ లాం. లండన్‌లోని క్రైస్ట్స్ హాస్పిటల్ అనే పాఠశాల 1552లో పేదపిల్లల కోసం ఏర్పడింది. అక్కడి పిల్లల దుస్తులు పొడవాటి నీలం కోటు, పసుపుపచ్చ మేజోళ్లు, నడుముకు తోలు పట్టీ. ట్యూడర్ల కాలపు ఆ వేషం నేటికీ ఆ పాఠశాలలో కొనసాగుతోంది. లాం 1782లో ఏడేళ్ల వయసులో అక్కడ చేరాడు. కవి కోల్‌రిడ్జ్ అతని సహాధ్యాయి.

లాం ఈ బడిని గురించి రెండు వ్యాసాలు రాశాడు. 1813లో రాసిన మొదటిది ప్రశంస. నీలం కోటు వేసుకొన్న పిల్లవాడు తనను ధర్మసత్రంలో తిని బతికే అనాథగా భావించుకోడనీ, ఆ దుస్తుల ప్రాచీనత అతనికి ఒక గౌరవాన్ని ఇస్తుందనీ దాని సారాంశం. స్వర్ణోత్సవ సంచికలకు ఇంతకంటే మంచి వ్యాసం దొరకదు.

1820లో అదే లాం, ఎలియా అనే మారుపేరుతో, రెండవ వ్యాసం రాశాడు. అందులో మాట్లాడే వ్యక్తి లాం కాడు. తల్లిదండ్రులు దూరాన ఉండి, ఊళ్లో దిక్కులేని ఒక పిల్లవాడు. కోల్‌రిడ్జ్ బాల్యమే ఆ పాత్రకు ఆధారం. ఆ పాత్ర మొట్టమొదట చేసే పని లాం రాసిన ప్రశంసావ్యాసాన్ని తప్పుపట్టడం. లాంకు ఊళ్లోనే బంధువులున్నారు. తరచు ఇంటికి వెళ్లి రావడానికి అతనికి మినహాయింపు ఉండేది. అతని తండ్రి ఒక పలుకుబడిగల న్యాయవాది దగ్గర కొలువు చేసేవాడు, ఆ పలుకుబడి కొడుకును బడిలో కూడా కాపాడింది. ఇంటినుంచి అతనికి వేడి వేడి తిండి వచ్చేది. మిగిలినవాళ్లకు రానిదీ, వాళ్లు చూస్తూ కూర్చోవలసినదీ అదే.

ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటుంది. ఇద్దరికీ ఒకటే నీలం కోటు. కాని కోటు కింద ఒకడికి అండ ఉంది, మరొకడికి లేదు. యూనిఫాం తేడాను రద్దు చేయలేదు, బయటి కంటికి కనిపించకుండా చేసింది. ఆ తేడాను చూపించడానికి లాం తన గొంతును వదిలి ఎదుటివాడి గొంతును తీసుకోవలసి వచ్చింది. ఇదేదో శిల్ప చమత్కారం అనుకొంటే పొరపాటు. సౌకర్యం అనుభవించిన వాడి జ్ఞాపకం తనంత తానుగా సౌకర్యం లేనివాడిని చూడలేదు. అందుకని పాత్రను మార్చక తప్పలేదు.

ఆ వ్యాసంలోనే నియమోల్లంఘనకు పడే శిక్షల వర్ణన ఉంది. బడినుంచి పారిపోయిన పిల్లవాడికి మొదటిసారి కాళ్లకు సంకెళ్లు. రెండవసారి గడ్డి పరచిన చీకటి కొట్లో ఒంటరి నిర్బంధం. మూడవసారి నీలం దుస్తులు ఒలిచేసి, వీధిదీపాలు వెలిగించేవాడి చొక్కాలాంటిది తొడిగి, అందరి ముందూ తిప్పి, కొరడాతో కొట్టి, గేటు బయటికి పంపేయడం. కథకుడు నీలం దుస్తులు తొలిసారిగా తొడుక్కొన్న రోజునే సంకెళ్లలో ఉన్న ఒక పిల్లవాడిని చూశాడు. ప్రశంసావ్యాసంలో ఈ కోటు ఇచ్చిన గౌరవం ఏదైతే ఉందో, దాన్ని ఒలిచివేసే అధికారం కూడా అదే చేతిలో ఉందని రెండవ వ్యాసం చెబుతుంది.

మరొక చిన్న సంఘటన కూడా అక్కడే ఉంది. పిల్లలు తినలేక కంచంలో వదిలేసే కొవ్వు ముక్కలను ఒక కుర్రవాడు ఏరి దాచుకొంటున్నాడని తోటివాళ్లు వాడిని వెలివేస్తారు. వెంబడించి చూస్తే వాడు ఆ ముక్కలను మూటగట్టి ఆకలితో ఉన్న తల్లిదండ్రులకు పట్టుకెళ్తున్నాడని తేలుతుంది. మన హాస్టళ్లలో పనిచేసిన ఏ ఉపాధ్యాయుడికైనా ఈ సంఘటన రెండువందల ఏళ్ల కిందటి లండన్‌ది అనిపించదు.

3

లాం విషయంలో రెండు సాక్ష్యాలకూ మధ్య తేడా పిల్లల స్థాయీభేదం నుంచి వచ్చింది. రెండవ ఉదాహరణలో ఆ తేడా ఒక జాతి చరిత్ర నుంచి వస్తుంది.

1879లో అమెరికా సైన్యాధికారి రిచర్డ్ హెన్రీ ప్రాట్ పెన్సిల్వేనియా రాష్ట్రంలోని కార్లైల్ అనే ఊళ్లో, ఖాళీగా ఉన్న సైనిక శిబిరంలో ఆదివాసీ పిల్లల కోసం ఒక ఆవాస పాఠశాల స్థాపించాడు. అంతకుముందు అతడు ఫ్లారిడాలోని ఒక కోటలో ఆదివాసీ యుద్ధఖైదీలకు కాపలా అధికారి. ఖైదీలకు జుట్టు కత్తిరించి, సైనిక దుస్తులు తొడిగి, కవాతు చేయించి, ఇంగ్లీషు నేర్పిన అనుభవాన్నే పిల్లల బడికి మార్చాడు. బిడ్డలోని ఆదివాసిని చంపి మనిషిని కాపాడాలన్నది 1892లో అతడు బహిరంగంగా ప్రకటించిన సిద్ధాంతం. కార్లైల్ 1918 వరకు నడిచింది. ఆ దేశంలో మరెన్నో బడులకు అది నమూనా అయింది.

ఆ బడికి వెళ్లిన తొలి జట్టులో లకోటా జాతికి చెందిన ఒక పదకొండేళ్ల కుర్రవాడున్నాడు. నల్లబల్ల మీద రాసి ఉన్న, తనకు చదవడం రాని గీతల్లో ఒకదాన్ని కర్రతో చూపించమన్నారు. చూపించిన గీత అతని పేరయింది. ఆ పేరును తెల్లటి పట్టీమీద రాసి చొక్కా వీపున కుట్టారు. అలా అతడు లూథర్ స్టాండింగ్ బేర్ అయ్యాడు.

స్టాండింగ్ బేర్ 1928లో ఆంగ్లంలో మొదటి పుస్తకం ప్రకటించాడు. జుట్టు కత్తిరించినప్పుడు తనకు కన్నీళ్లు వచ్చాయని అందులోనే రాశాడు. కాని కొత్త దుస్తులు ఇచ్చిన రోజును మాత్రం సంతోషంగా గుర్తుచేసుకొన్నాడు. బూట్లు కాళ్లకు చాలా పెద్దవి. ఐనా నడిస్తే కిర్రుకిర్రుమని చప్పుడు చేస్తాయి గనుక పిల్లలకు అవి ముద్దొచ్చాయి. జేబులున్న బట్టలు తొడుక్కొన్న గర్వంతో చాలా రాత్రి వరకు గదిలో అటూ ఇటూ నడిచారు. కొందరు విప్పకుండానే పడుకొన్నారు. విప్పినవాళ్లకు తెల్లవారి లేచాక లాగు బొత్తాలు ముందుకు రావాలో వెనక్కు రావాలో తెలియలేదు.

ఐదేళ్ల తర్వాత 1933లో వచ్చిన పుస్తకంలో అవే దుస్తులు మళ్లీ కనిపిస్తాయి. ఈసారి గంజిపెట్టిన బిరుసు చొక్కా, మెడను కోసే ఎత్తు కాలరు, మూడంగుళాల వెడల్పు భుజపట్టీలు, కాళ్లను బాధపెట్టిన తోలు బూట్లు ఉన్నాయి. అన్నిటికంటే దుర్భరమైనది ఎర్రని ఉన్ని లోదుస్తు. ఒళ్లంతా దురద పుట్టించిన ఆ గుడ్డ అతడి మాటల్లో చిత్రహింసే. కార్లైల్ శ్మశానంలో ఎక్కువ సమాధులు పసివాళ్లవేనని కూడా ఈ పుస్తకంలోనే చెప్పాడు. మొదటి పుస్తకంలో కిర్రుమన్న బూటు రెండవ పుస్తకంలో కరిచింది.

ఏది నిజం? చిన్నపిల్లవాడు కొత్త బూటు చప్పుడుకు ముచ్చటపడడం నిజం. అదే బూటు పాదాన్ని కొరకడం నిజం. రెండింటి మధ్య ఏం జరిగిందో అతడి జీవితంలో వెతకాలి. 1931లో అతడు చాలా ఏళ్ల తర్వాత తనవాళ్లుండే రిజర్వేషన్‌కు వెళ్లాడు. అక్కడి దారిద్ర్యాన్ని చూసి అదే సంవత్సరం ఒక అమెరికన్ పత్రికలో వ్యాసం రాశాడు. ఏ నాగరికత పేరుతో తన జుట్టు కత్తిరించారో ఆ నాగరికత తనవాళ్లకు ఏం మిగిల్చిందో చూసివచ్చిన మనిషి 1933 పుస్తకం రాశాడు. ఒక పిల్లవాడిని పెంచే అవకాశం ఈనాడు తనకుంటే, వాడిని ఆదివాసిగానే పెంచుతానని అందులో ప్రకటించాడు. జ్ఞాపకంలోని వస్తువులు మారలేదు. వాటిని చూసే చోటు మారింది, చెప్పుకోవలసిన అవసరం మారింది.

అంతమాత్రాన 1928 పుస్తకం అమాయకపు పుస్తకం, 1933 పుస్తకం చైతన్యవంతమైన పుస్తకం అని తేల్చేయరాదు. మన అభ్యుదయ విమర్శలో ఈ తొందరపాటు అప్పుడప్పుడూ కనిపిస్తుంది. లాగు బొత్తాలు ముందా వెనకా అని తికమకపడిన ఆ ఉదయాన్ని 1928 పుస్తకమే మనకిచ్చింది. దౌర్జన్యం పిల్లవాడి దగ్గరకు బహుమతి రూపంలో కూడా రాగలదని, ఆ బహుమతిని వాడు నిజంగానే ప్రేమించగలడని అది చూపిస్తుంది. కోపం ఒక్కటే ఉన్న జ్ఞాపకం ఈ పని చేయలేదు.

4

మూడవ ఉదాహరణ జిట్కాలా-షా. యాంక్టన్ డకోటా జాతి స్త్రీ. 1884లో ఎనిమిదేళ్ల వయసులో ఇండియానా రాష్ట్రం, వాబాష్‌లోని ఒక క్వేకర్ మతసంఘపు బడికి వెళ్లింది. 1897 నుంచి 1899 వరకు కార్లైల్‌లోనే ఉపాధ్యాయినిగా పనిచేసింది. 1900 సంవత్సరం జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో అట్లాంటిక్ మంత్లీ పత్రికలో ఆమె మూడు స్వీయచరిత్రాత్మక వ్యాసాలు వెలువడ్డాయి. స్టాండింగ్ బేర్ అరవయ్యేళ్ల వయసుకు వచ్చాక రాశాడు. ఆమె ఇరవై నాలుగేళ్లకే రాసింది. ఆ బడులు ఇంకా నడుస్తుండగానే, వాటికి చందాలిచ్చే వర్గం చదివే పత్రికలోనే రాసింది. ఈ ధైర్యానికి ప్రాట్ పక్షంనుంచి దూషణే బదులుగా వచ్చింది.

ఆమె వ్యాసాల్లో బడి ముందుగా చెవికి తెలుస్తుంది. చెక్కనేల మీద గట్టి బూట్ల టకటక, ఇనుప గంటల మోత, అర్థం కాని మాటల గోల. భోజనశాలలో ఒక గంటకు కుర్చీ లాగాలి, మరో గంటకు కూర్చోవాలి, ప్రార్థన అయ్యాకే తినాలి. ఈ వరస తెలియని పిల్ల మొదటి గంటకే కూర్చుంటుంది, చుట్టూ అందరూ నిలబడి ఉండడం చూసి లేస్తుంది, లేచేసరికి వాళ్లు కూర్చుంటారు. నియమావళిని ఒక్క వాక్యంలో కూడా ఖండించకుండా, నియమం అంటే ఏమిటో ఈ దృశ్యం చెబుతుంది. నియమం తెలిసినవాళ్లకు అది కనిపించదు, తెలియనివాళ్లకు అదొక్కటే కనిపిస్తుంది.

బిగుతు దుస్తుల ప్రస్తావన కూడా అలాంటిదే. ఒంటికి అంటుకొనే గౌను నాగరికతకు గుర్తని బడి భావించింది. వదులు దుస్తులకూ, భుజాలమీది దుప్పటికీ అలవాటుపడిన పిల్లకు అది సిగ్గులేనితనంగా తోచింది. ఆమె భుజాలమీది దుప్పటిని తీసేసినప్పుడు బడి దృష్టిలో ఒక అనాగరిక వస్త్రం పోయింది, ఆమె దృష్టిలో మర్యాద పోయింది.

ఇక జుట్టు. డకోటా సమాజంలో పొట్టి జుట్టు మరణశోకంలో ఉన్నవాళ్లది. శత్రువుకు చిక్కిన వీరుడికి, పిరికివాడికి జుట్టు కత్తిరిస్తారు. ఆ సంగతి తల్లి నేర్పిన పిల్ల మంచం కిందికి దూరి దాక్కొంది. బయటికి లాగి కుర్చీకి కట్టేసి జడలు కత్తిరించారు. దాన్ని బడి పరిశుభ్రత అని పిలిచి ఉంటుంది. తెలుగు పాఠకుడికి ఈ విషయం తేలికగా అర్థం కావాలి. తిరుపతిలో తలనీలాలు ఇచ్చేవారిని మనం మొక్కు తీర్చుకొన్నవారంటాం. తండ్రి పోయిన కొడుకు తల గొరిగించుకొంటే అది ఆచారమంటాం. కాని బాలవితంతువు తల బలవంతంగా గొరిగించిన సమాజం కూడా మనదే. మంగలికత్తి ఒకటే. గొరిగించుకొనే మనిషికి అందులో ఇష్టం ఉందా లేదా, ఆ గుండుకు ఊళ్లో ఏ అర్థం ఉంది అనే రెండు ప్రశ్నలే దాన్ని మొక్కుగానో శిక్షగానో నిర్ణయిస్తాయి. యూనిఫాం విషయంలోనూ ఇంతే.

ఆమె మూడవ వ్యాసంలో ఉపాధ్యాయినిగా మాట్లాడుతుంది. బడిని చూడడానికి సందర్శకులు వస్తారు. వరసగా కూర్చున్న, శుభ్రంగా దువ్వుకొన్న పిల్లలను చూసి తృప్తిపడి వెళ్తారు. పిల్లల దుస్తులు ఎవరికోసం అన్న ప్రశ్నకు ఇంతకంటే వేరే జవాబు అక్కరలేదు. ఉపాధ్యాయ వృత్తిలో ఉన్న నేను ఈ పేజీలు చదివినప్పుడు తనిఖీ రోజున మా బళ్లలో జరిగే హడావిడి గుర్తుకు రాకుండా ఉండదు.

5

ఈ మూడు ఉదాహరణలను కలిపి చూస్తే ఒక సామాన్య లక్షణం తేలుతుంది. సంస్థ తన దుస్తులను కంటితో గుర్తుపెట్టుకొంటుంది. పూర్వ విద్యార్థి వాటిని చర్మంతోనూ చెవితోనూ గుర్తుపెట్టుకొంటాడు.

కార్లైల్ బడికి జాన్ చోట్ అనే ఛాయాచిత్రకారుడు ఉండేవాడు. పిల్లలు వచ్చిన రోజున ఒక ఫొటో, కొంతకాలం తర్వాత యూనిఫాంలో మరొక ఫొటో తీసి పక్కపక్కన ముద్రించేవారు. నవాహో జాతికి చెందిన టాం టోర్లినో ఫొటోలు వీటిలో ప్రసిద్ధమైనవి. మొదటిది 1882 నాటిది, రెండవది 1885 నాటిది. ఈ ఫొటోలు చందాదార్లకు బడి విజయాన్ని చూపించాయి. ఎర్ర ఉన్ని లోదుస్తు దురద వాటిలో కనిపించదు. ఆ దుస్తులను కుట్టిన చేతులూ కనిపించవు. కార్లైల్‌లో సగం రోజు చదువు, సగం రోజు పని. ఆడపిల్లలు కుట్టుపని, చాకిరేవు చేసేవారు. మగపిల్లలు దర్జీపని, చెప్పులపని, రేకుపని నేర్చుకొనేవారు. స్టాండింగ్ బేర్‌ను రేకుపనిలో పెట్టారు. తమ ఊళ్లో ఆ పనితో బతుకు గడవదని అతడు బాధపడ్డాడు. ఏ పిల్ల ఏ చొక్కా ఉతికిందో ఏ ఫొటో చెప్పదు.

అన్నిటికంటే ముఖ్యం, అసలు జ్ఞాపకాలు రాయలేకపోయినవారు. కార్లైల్ శ్మశానంలో 180కి పైగా పిల్లల సమాధులుండేవి. 2017 నుంచి కొందరి అవశేషాలను వారి జాతులకు తిరిగి అప్పగిస్తున్నారు. 2024లో అమెరికా అంతరంగిక వ్యవహారాల శాఖ ప్రకటించిన తుది నివేదిక, ఇలాంటి ప్రభుత్వ ఆవాస పాఠశాలలు 417 అనీ, వాటిలో కనీసం 973 మంది పిల్లలు చనిపోయారనీ చెప్పింది. అదే సంవత్సరం అక్టోబరులో ఆ దేశాధ్యక్షుడు బైడెన్ క్షమాపణ చెప్పాడు. పూర్వ విద్యార్థి అనే మాటలోనే బతికి బయటపడ్డవాడు అనే అర్థం దాగి ఉంది. ప్రతి పూర్వ విద్యార్థి జ్ఞాపకం పక్కనా రాయబడని జ్ఞాపకం ఒకటి ఉంటుందన్న ఎరుక లేకుండా ఈ ప్రక్రియను చదవకూడదు.

6

ఇప్పుడు మన హాస్టళ్ల దగ్గరకు రావచ్చు. ముందుగా ఒక హెచ్చరిక అవసరం. కార్లైల్‌నూ, మన సాంఘిక సంక్షేమ హాస్టళ్లనూ, 1971లో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో ప్రారంభమైన గురుకుల పాఠశాలతో మొదలైన ఆవాస విద్యనూ ఒకే గాటన కట్టడం అన్యాయం. కార్లైల్ తల్లి కుట్టిన బట్టలను లాక్కొని యూనిఫాం ఇచ్చింది. మన హాస్టలు చాలామంది పిల్లలకు చిరుగులు లేని మొదటి జత బట్టలు ఇచ్చింది. చదువు దక్కనివ్వని ఊళ్లనుంచి పిల్లలు తమంత తాము, తల్లిదండ్రుల ఆశతో ఈ బళ్లకు వచ్చారు. ఈ తేడాను మరచిపోయి, పరాయిదేశపు పదజాలాన్ని అరువు తెచ్చుకొని, హాస్టలంటే జైలు అని రాసే కథ మన వాస్తవికతకు దూరం.

ఐతే అడగవలసిన ప్రశ్నలు మాత్రం అవే. నా దగ్గర చదివి వెళ్లినవాళ్లు ఎప్పుడైనా ఇంటికి వచ్చినప్పుడు వాళ్ల మాటల్లో నేను విన్నవి కొన్ని చెబుతాను. ఒకడు హాస్టల్లో ఇచ్చిన రెండు జతల్లో ఒకటి తమ్ముడికి పంపేసి, మిగిలిన జతనే రాత్రి ఉతికి, ఆరీ ఆరని చొక్కా తొడుక్కొని ప్రార్థనకు వచ్చేవాడట. శుభ్రత లేదని తిట్లు తిన్నాడు గాని తమ్ముడి సంగతి చెప్పలేదు. లాం వ్యాసంలోని కొవ్వు ముక్కల కుర్రవాడికి వీడు దాయాది. మరొక అమ్మాయికి గుర్తున్నది ఆ గుడ్డ రంగు. బజారులో దుకాణదారు ఆ రంగు చూడగానే ఏ హాస్టలు పిల్లో, ఏ కులం పిల్లో లెక్కవేసుకొని, చిల్లరను చేతిలో పెట్టకుండా బల్లమీద పెట్టేవాడట. బడి గోడల లోపల అందరినీ ఒకటి చేసిన చొక్కా, గోడ దాటగానే ఆమెను వేరుచేసి చూపించింది. ఇంకొకడు మాత్రం, "సార్, ఆ నిక్కరు వేసుకొని ఊళ్లోకి పోతే మా అయ్య పనిచేసే ఆసామి నన్ను ఒరే అనడానికి ఒక్క నిమిషం తడబడేవాడు" అన్నాడు. ఆ తడబాటు కూడా చరిత్రే. ఈ ముగ్గురి మాటల్లో ఏ ఒక్కటి వదిలేసినా యూనిఫాం కథ అబద్ధమవుతుంది.

గిరిజన ఆశ్రమ పాఠశాలల విషయంలో మాత్రం కార్లైల్‌తో పోలిక మరికాస్త దగ్గరగా వస్తుంది. కోయ, గోండు, సవర పిల్లలకు బడిలో అడుగుపెట్టిన రోజున తెలుగే ఒక యూనిఫాం. మనం అమ్మభాష అని కీర్తించే తెలుగు వాళ్లకు గంటలాగా, వరసలాగా, అర్థం కాని నియమంలాగా వినబడింది. 2004 ప్రాంతంలో ఎనిమిది గిరిజన భాషల్లో వాచకాలు తయారుచేసే ప్రయత్నం మొదలైందంటే, అంతకుముందు తరాలు ఆ వాచకాలు లేకుండానే చదివాయని అర్థం. తెలుగు ఎం.ఎ. చదివిన మాబోటి ఉపాధ్యాయులం ఆ పిల్లల జ్ఞాపకాల్లో ఎలా కనిపిస్తామో వాళ్లు రాస్తేనే తెలుస్తుంది.

7

కనుక హాస్టలు జ్ఞాపకాలను చదివే విద్యార్థులూ, రాసే రచయితలూ నాలుగు ప్రశ్నలు వేసుకోవడం మంచిదని నా అభిప్రాయం.

మొదటిది, ఈ దుస్తులకు ముందు ఒంటిమీద ఏముంది? తల్లి కుట్టిన తోలు చెప్పులా, చిరుగుల బొంతా, బంధువులు పంపిన సిల్కు చొక్కానా? యూనిఫాం ఇచ్చిందా, తీసుకొందా అనేది దీనిమీద ఆధారపడి ఉంటుంది.

రెండవది, ఈ దుస్తులను కుట్టిందెవరు, ఉతికిందెవరు? హాస్టలు కథల్లో వార్డెను ఉంటాడు, వంటమనిషి అప్పుడప్పుడూ ఉంటుంది. అందరికీ ఒకే కొలతతో గుడ్డ కత్తిరించిన దర్జీ ఏ కథలోనూ కనిపించడు. వదులైన నిక్కరుకు మొలతాడు బిగించుకొన్న ప్రతి పిల్లవాడికీ అతడితో సంబంధం ఉంది.

మూడవది, ఈ నియమంనుంచి మినహాయింపు ఎవరికి దొరికింది? లాంకు ఇంటికి వెళ్లే అనుమతి దొరికినట్టు మన హాస్టల్లో ఎవరికి దొరికేది? నియమాన్ని వర్ణిస్తే సరిపోదు. మినహాయింపును వర్ణిస్తేనే అధికారం బయటపడుతుంది.

నాలుగవది, ఈ జ్ఞాపకాన్ని ఎప్పుడు, ఎవరికోసం చెబుతున్నారు? స్టాండింగ్ బేర్‌కు ఐదేళ్లలో వచ్చిన మార్పు చూశాం. జార్జ్ ఆర్వెల్ తన ఆవాస పాఠశాలను గురించి రాసిన వ్యాసం అతడు మరణించిన రెండేళ్లకు, 1952లో, అమెరికాలో అచ్చయింది. పరువునష్టం దావాల భయంతో బ్రిటన్‌లో 1968 దాకా వెలుగు చూడలేదు. జ్ఞాపకం చెప్పేవాడి గుండెలో ఉన్నంతమాత్రాన సరిపోదు, దాన్ని చెప్పనిచ్చే చోటు కావాలి. స్వర్ణోత్సవ సంచిక ఒక చోటు. అక్కడ కృతజ్ఞత మాత్రమే చెప్పగలం. మరొక చోటును కల్పించవలసిన బాధ్యత మన పత్రికలది.

ఆచరణకు వస్తే, రచయితలు చేయదగిన పని ఒకటి చేతికందేంత దగ్గరలో ఉంది. ప్రతి ఆవాస పాఠశాలలోనూ పాత హాజరుపట్టీలు ఉంటాయి. వాటిలో సంవత్సరం మధ్యలో ఎర్రసిరాతో కొట్టేసిన పేర్లుంటాయి. పారిపోయినవాళ్లు, జబ్బుచేసి ఇంటికి వెళ్లి తిరిగి రానివాళ్లు, పెళ్లయిపోయిన ఆడపిల్లలు. పూర్వ విద్యార్థుల సమ్మేళనాలకు వాళ్లను ఎవరూ పిలవరు, ఎందుకంటే వాళ్ల చిరునామాలు ఎవరి దగ్గరా లేవు. వాళ్లలో చాలామంది ఆ చుట్టుపక్కల ఊళ్లలోనే ఉన్నారు. వెళ్లి అడిగితే ఇచ్చిన యూనిఫాం ఏమైందో చెబుతారు. హాస్టలు జీవితం మీద నవల రాయదలచిన వారు ఆ ఎర్రసిరా పేర్లతో మొదలుపెట్టవచ్చు.